మాస్టారు పంచె కట్టిన కారణం

మా పిల్లల తెలుగు మాస్టారు గత వారం పోయారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడింది. ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో శనివారం తరగతులకు ఆయన ఎప్పుడూ పంచెలోనే వచ్చేవారని, అదంతా సంస్కృతి మీద అభిమానమని సంతాపసభలో అందరూ మెచ్చుకున్నారు. సభ ముగిశాక ఆయన భార్య నన్ను పక్కకు పిలిచారు. "అసలు సంగతి మీరే రాయండి డాక్టర్ గారూ. నేను పోయాక చెప్పొచ్చు అన్నారాయన. ఇలాగే దాచుకున్నవాళ్లు ఇంకా ఉంటారుగా." అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాస్టారిది పుట్టుకతో వచ్చిన అరుదైన జబ్బు. శరీరంలో కొంత భాగం అదుపు లేకుండా పెరుగుతుంది. అక్కడి కణజాలంలో ఊరే లింఫు అనే నీరు దారి లేక నిలిచిపోతుంది. ఆయనకు ఎడమ కాలు, జననాంగాలు అలా పెరిగాయి. వృషణాల సంచి మోకాళ్ల దాకా వాచింది. చర్మం మొద్దుబారి, పగిలి, నీరు కారేది. ఆ పగుళ్లలో ఇన్ఫెక్షన్ చేరి తరచూ చలిజ్వరం. ప్యాంటు తొడగడం అసాధ్యం.

ఇటువంటి అవయవాలను తిరిగి తీర్చిదిద్దే శస్త్రచికిత్సే నా వృత్తి. అది తెలిసీ ఆయన చాలాకాలం మా ఇంటికి కాఫీకి మాత్రమే వచ్చారు. చివరికి క్లినిక్‌కి వచ్చి, గోడవైపు చూస్తూ అన్నారు: "ఇంగ్లీష్‌లో అయితే ఎలాగో చెప్పేసేవాణ్ణి సార్. తెలుగులో నోరు రావట్లేదు."

"తెలుగు మాస్టారే అలా అంటే ఎలాగండీ?"

"నేను చెప్పే పుస్తకంలో ఈ పాఠం లేదు సార్" అని నవ్వారు. ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నారు. "కుర్చీలో అందరిలా కూర్చోగలిగితే చాలు."

వాపు మళ్లీ రావచ్చని, ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందని ముందే వివరించాను. "రానివ్వండి. వచ్చేదాకా కూర్చుంటాగా" అన్నారు.

లోపలి వృషణాలను కాపాడుతూ సంచిలో ఉబ్బిన కణజాలాన్ని తొలగించాం; కుడి తొడ నుంచి తీసిన చర్మంతో కప్పాం. రక్తం బాగా పోయింది. ఒకచోట గాయం విచ్చుకుంది. నెమ్మదిగా, బాధతో మానింది.

కోలుకున్నాక, ఎడమ కాలికి వదులుగా కుట్టించుకున్న జీన్స్‌లో తరగతికి వచ్చారు. "ఏంటి మాస్టారూ, గ్రీన్ కార్డ్ వచ్చేసిందా, గెటప్పే మార్చేశారు!" అని ఓ తండ్రి ఆటపట్టించాడు. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాఠం పూర్తయ్యేదాకా లేవలేదు.

సంతాపసభ రోజున ఆయన భార్య ఇంకో మాట అడిగారు: "కోయించుకోకపోయుంటే ఉండేవారా?" ఆపరేషన్ జరిగి చాలాకాలమైంది, గడ్డ జబ్బున్న ఆ ఎడమ కాలి సిరల్లోనే పుట్టి ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. ఉండవచ్చు అనడం వేరు, తెలియడం వేరు. నాకు తెలియదు. ఆమెకూ అదే చెప్పాను.