గరిటె పిన్ని చెయ్యి

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే ఆవిణ్ణి అందరూ గరిటె పిన్ని అనేవారు. పేరుకే గరిటె. తరిగిన పచ్చి ముక్కల్లో ఉప్పూ నిమ్మరసం వేశాక మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేది. "నా చెయ్యి పడందే రుచి రాదర్రా" అనేది. నిజం చెప్పొద్దూ, వచ్చేది కాదు.

ఇంట్లో ఆవిడ మనవరాలికి జ్వరం పట్టుకుంది. పూటపూటకీ పెరుగుతుందే గాని దిగదు. నానమ్మ చేతి ముద్దకు ఎగబడే పిల్ల తిండి చూస్తేనే మొహం తిప్పేసింది. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది.

డాక్టరమ్మ మందు రాసి, "జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానెయ్యకండి. కాచి చల్లార్చిన నీళ్లే తాగించండి. ఇంట్లో ఇదివరకు ఎవరికైనా వచ్చిందా?" అంది.

"నిరుడు నాకే వచ్చిందమ్మా. ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నా."

"జ్వరం పోయినా కొందరి పిత్తాశయంలో ఆ క్రిమి కాపురం పెడుతుంది. పైకేం తెలీదు. మలంలో బయటికొచ్చి, చేతులు సరిగ్గా కడగకపోతే తిండిలోకి పోతుంది. మీకూ పరీక్ష చేద్దాం."

క్రిమి ఉంది. ఈమధ్య జ్వరంతో మంచం పట్టిన కార్మికుల మొహాలు ఒక్కొక్కటే పిన్ని కళ్లముందు తిరిగాయి.

పిన్ని వెళ్లి సంగతి చెప్పగానే క్యాంటీన్ మేనేజరు తలుపు దగ్గరికి వేసి, "ఎవరికీ చెప్పకు పిన్నీ. సెలవు పెట్టి వైద్యం చేయించుకో" అన్నాడు.

"నేను నోరు మూసుకుంటే జ్వరం ఆగుతుందా బాబూ?"

భోజనాల వేళ బల్లల మధ్య నిలబడి చెప్పేసింది. "నా చేతి నుంచే వచ్చుండొచ్చు. జ్వరం ఉన్నవాళ్లు వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి." అన్నేళ్లుగా మెప్పు పొందిన చేతిని పదిమందిలో తప్పుపట్టుకోవడానికి ఎంత గుండె కావాలి! మనలో ఎవరికుంది?

మనవరాలు కోలుకుంది. ఆకలి తిరిగొచ్చింది. "ముద్ద పెట్టు నానమ్మా" అని అడిగితే, "మీ అమ్మ పెడుతుందిలే" అని పిన్ని చేతులు వెనక్కి పెట్టుకునేది.

మందులు పూర్తయ్యాక, మళ్లీ మళ్లీ చేసిన పరీక్షల్లో క్రిమి లేదని తేలాకే డాక్టరమ్మ వంటకు ఒప్పుకుంది. క్యాంటీన్‌లో, జ్వరం పడి లేచిన ఫిట్టరొకడు మొదట కంచం చాపాడు. "చేత్తో కలుపు పిన్నీ, నాకేం భయం లేదు."

"నాకుంది" అని పిన్ని గరిటె తీసింది.

ఆ సాయంత్రం ఇంట్లో సబ్బు రాసి గోళ్ల సందుల్లో కూడా తోమి తోమి కడుక్కుంది. "ఇంకెంతసేపు నానమ్మా?" అంటూ పిల్ల అప్పటికే నోరు తెరిచి కూర్చుంది. పిన్ని అన్నం కలిపి, చేత్తోనే మొదటి ముద్ద ఆ నోట్లో పెట్టింది.