కూవం ఒడ్డున టేపు

తొంభైల్లో ఒక వేసవిలో మద్రాసు వెళ్లాను. కూవం నదిలో మళ్లీ చేపలు బతకాలంటే ఎంత బురద తీయాలో కొలిచే పని. చింతాద్రిపేట ఒడ్డున టేపు పరవగానే గుడిసెల్లోని జనం అరవంలో అరుస్తూ నన్ను చుట్టుముట్టారు. ఒకాయన టేపు లాక్కున్నాడు.

"అయ్యో, వీళ్లకెలా చెప్పేది!" అని పైకే అనేశాను.

ఒక ముసలామె ముందుకొచ్చింది. "తెలుగోడివా నాయనా? మేమూ తెలుగోళ్లమే, తాతల కాలం నుంచీ ఈడే ఉండాము. ఇండ్లు కొట్టేదానికి వచ్చినావా?"

"కాదమ్మా, నదిని బాగుచేయడానికి."

"ఏరు బాగైతే మమ్మల్ని ఈడ ఉండనిస్తారా?"

అబద్ధం నోట రాలేదు. "తెలియదమ్మా," అన్నాను.

ఆమె టేపు లాక్కున్నాయనకు చెప్పి, దాన్ని నాకు ఇప్పించింది. "కొలుచుకో పా. మా ఇండ్లు గూడా రాసుకో."

రాసుకున్నాను, పటంలోనూ గుర్తుపెట్టాను. నది పటంలో ఇళ్లెందుకని మా ఆఫీసరు చెరిపేయమన్నాడు. నేను చెరపలేదు.