గుట్ట మీద ట్యాంకు, పేటలో పైపు

పైపులు ఎంత ఒత్తిడికి ఓర్చుకుంటాయో లెక్కకట్టడమే ఇన్నేళ్లుగా నా ఉద్యోగం. ఆఫీసులో నా లెక్కకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. మార్టూరు దగ్గర మా ఊళ్లో మాత్రం మా పెదనాన్న ఉన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు, చర్చి పెద్ద.

మా పేటకు నీళ్ల కోసం చర్చివాళ్లు గుట్ట మీద ట్యాంకు కట్టించి, పైపులు వేయించే బాధ్యత ఆయనకు అప్పగించారు. లెక్క నన్ను చెయ్యమన్నాడు. చేశాను. పైపులో ఒత్తిడి, ట్యాంకులో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి రాదు; వాటి మట్టం ఆ పైపుకన్నా ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. ట్యాంకు దగ్గర అది నామమాత్రం. గుట్ట దిగేకొద్దీ పెరిగి, పేటలోకి వచ్చేసరికి పలచ పైపును చీల్చేంత అవుతుంది. కాబట్టి పైన పలచ పైపు చాలు, కింద మందపు పైపు వెయ్యాలి. ఫోన్లో ఒకటికి పదిసార్లు చెప్పాను. "సరేనమ్మా, సరే" అన్నాడు.

ప్రారంభం నాడు వెళ్లి చూద్దును కదా, అంతా తలకిందులు. మందపు పైపు ట్యాంకు దగ్గర, పలచనిది పేటలో!

"ఇదేంటి పెదనాన్నా?"

"నీళ్లన్నీ పైనే కదమ్మా ఉండేది! అంత బరువు పెట్టుకుని అక్కడ పలచ పైపు వేస్తామా? నువ్వేదో పొరపాటున అటుదిటు చెప్పావని నేనే సరిచేశా."

నీళ్లు వదలొద్దని బతిమాలాను. వింటేగా! పాస్టరుగారు ప్రార్థన చేసి వాల్వు తిప్పారు. పేటలో కుళాయిలన్నీ తెరిచే ఉన్నాయి. నీళ్లు ధారగా వచ్చాయి, పైపు చెక్కుచెదరలేదు.

"ఏమ్మా, ఎక్కడ పగిలింది?" అన్నాడు పెదనాన్న, అందరి ముందూ.

"పారుతున్నంతసేపూ ఒత్తిడి దారిలోనే కొంత ఖర్చవుతుంది పెదనాన్నా. కుళాయిలు కట్టేస్తే అప్పుడు తెలుస్తుంది."

"పారే నీళ్లకు పగలంది నిలబడ్డ నీళ్లకు పగులుద్దా? నీకు సైన్సు ఎవరు చెప్పారే తల్లీ!"

ఎనిమిదో తరగతిలో చెప్పింది ఆయనే.

బిందెలు నిండాక ఆడవాళ్లు ఒక్కో కుళాయీ కట్టేశారు. చివరిది కట్టగానే ఢామ్మని పేలింది. పైపు నిలువునా చీలి, పైనున్న మట్టిని చిమ్ముకుంటూ నీళ్లు పైకి లేచాయి. పడ్డది ఎక్కడ? మా పెద్దమ్మ కౌలుచేలో పండించి కల్లంలో ఆరబోసుకున్న మిరపకాయల మీద.

"పిల్ల చెప్తానే ఉందిగదయ్యా, వింటివా!" అని అరుస్తూ పెద్దమ్మ పరదా పట్టుకుని పరిగెత్తింది. పేటంతా కలిసి కాయలు పక్కకు లాగాం. అయినా సగం రంగు పోయి తాలుకాయలయ్యాయి.

సెలవు పొడిగించుకుని, దగ్గరుండి తవ్వించి, మందపు పైపులు కిందికీ పలచవి పైకీ మార్పించాను. అన్ని కుళాయిలూ కట్టేసి ఓ పూటంతా వదిలేస్తే చుక్క కారలేదు. ఇప్పటికీ నీళ్లొస్తున్నాయి.

మొన్న ఊరికెళ్తే, పక్క ఊరివాళ్లకు పెదనాన్న సలహా ఇస్తున్నాడు. "మాకు నాసిరకం పైపులు అంటగట్టారండి. ఎందుకైనా మంచిది, కింద మందపువే వెయ్యండి."

కింద మందపువి ఎందుకు వెయ్యాలో నేను చెప్పబోయాను.

"నువ్వుండమ్మా," అన్నాడు, "పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం."