అత్త నీళ్ళు తాగి చెప్పే వాన

గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, నాకేం! మా అత్త వాన సంగతి చెబితే హోసూరు దగ్గరి డెంకణికోట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మారుమాట్లాడేవాళ్ళు కాదు. అరవైల మొదట్లో నేను మత్తూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మాది కుండలు చేసే ఇల్లు. ఎండాకాలం మాకు చేతినిండా పని, దాంతోపాటే భయం. పెళ్ళిళ్ళన్నీ అప్పుడే, ఉరుముల వానలూ అప్పుడే. కాల్చని కుండ మీద గట్టి జల్లు పడిందంటే అది మళ్ళీ మట్టే.

పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో ఉండేది. మాది తమిళ సీమ కాబట్టి సాయంత్రం తమిళంలో వాతావరణం చెప్పేవాళ్ళు. లోపలి జిల్లాల్లో అక్కడక్కడ ఉరుములతో వాన పడవచ్చునని వేసవి పొడుగునా ఒకటే పాట. మా మామ అది విని వచ్చి చిర్రుబుర్రులాడేవాడు.

"అక్కడక్కడ అంటే యాడప్పా? మన వాము కాడనా, హోసూరులోనా? అది చెప్పమను!"

వాము అంటే కుండలు పేర్చి కాల్చే గుంట. మాది పెరట్లో, పైన కప్పు లేకుండా ఉండేది.

అత్తకు రేడియోతో పని లేదు. పొద్దున్నే వంటింటి మూల ఇసుకలో పెట్టిన నీళ్ళ కుండలోంచి చెంబుతో ముంచుకుని, పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని మింగేది. గాలి పొడిగా ఉంటే కుండ పైకి ఊరిన తడి ఆరిపోతూ నీళ్ళు చల్లబడతాయి. గాలిలో తేమ చేరితే ఆ తడి ఆరదు, నీళ్ళు వెచ్చగానే ఉంటాయి. "సల్లగుండాయి, కాల్చుకోండి" అనేది, లేకపోతే "వెచ్చగుండాయి, ఈ పొద్దు వద్దు" అనేది. అంతే. వచ్చిన కొత్తలో చాటుగా నవ్వుకున్నాను. ఒక వేసవి గడిచేసరికి నోరు మూసుకున్నాను.

మరుసటి వేసవిలో పక్క ఊరి రైతు ఒకాయన కూతురి పెళ్ళికి అరివేణి కుండలు చెప్పాడు. పెళ్ళివాళ్ళు మేళంతో మా ఇంటికి వచ్చి, ఇంటి ఆడవాళ్ళకు కుంకుమ పెట్టి, రంగులు వేసిన ఆ కుండలను తీసుకుపోయి పందిట్లో పెట్టి పూజ చేస్తారు. అవి లేనిదే పెళ్ళి మొదలుకాదు. మేళం రావడానికి ఇక మూడు రోజులే ఉన్నాయి. తెల్లవారితే వాము పేర్చాలి.

ఆ సాయంత్రం కడుగుతూ ఉంటే అత్త నీళ్ళ కుండ నా చేతిలోంచి జారి పగిలింది. కుమ్మరింట్లో కుండలకు కరువా? కానీ అది అత్త ఏళ్ళ తరబడి వాడిన కుండ. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పెంకులు బూడిదగుంటలో కప్పెట్టి, అటక మీద నుంచి అంతే ఉన్న కొత్త కుండ దింపి, నీళ్ళు నింపి ఆ మూలలోనే పెట్టాను. ఆమెకు తెలియదా అంటారేమో. ఆ మూల చీకటి. పైగా రెండు రోజులుగా ఆమెకు ముక్కు దిబ్బడ, కొత్త మట్టి వాసన ఎట్లా తెలుస్తుంది?

పొద్దున తాగి, "అబ్బ, ఎంత సల్లగుండాయో! ఈ పొద్దు వాన రాదు" అంది. మామ పని మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి పచ్చి కుండలు సగం పేర్చేశారు. నేను పిడకలు మోస్తున్నాను. ఒంటి మీద చెమట ఆరడం లేదు, రవిక వీపుకు అంటుకుపోతోంది. దాహమేసి లోపలికి పోయి తాగితే నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. గాలేమో ఉక్క, నీళ్ళేమో చల్లన! అప్పుడు వెలిగింది నా బుర్రకు. కొత్త కుండ ఎప్పుడూ పాతదానికన్నా ఎక్కువ చల్లబరుస్తుంది. అత్త లెక్క ఆమె పాత కుండది. ఈ కుండతో చూస్తే తప్పుతుంది.

చెబితే నా దొంగతనం బయటపడుతుంది. చెప్పకపోతే పెళ్ళికుండలు బురదవుతాయి, అత్త మాటా పోతుంది. పెళ్ళికూతురి తండ్రి వాము పక్కనే నిలబడి చూస్తున్నాడు. చెంబు అక్కడే పెట్టి, పోయి చెప్పేశాను.

"మామా, ఆపండి! నిన్న నీళ్ళ కుండ నేను పగలగొట్టినాను. అత్త తాగింది కొత్త కుండలో నీళ్ళు."

"ఏందమ్మా ఇది? ఎండ మండిపోతా ఉంటే వాన అంటావు?" అన్నాడు ఆ తండ్రి. "ఈ పొద్దు కాల్చకపోతే మా పెళ్ళికి కుండలు యాడ తెస్తారప్పా?"

అత్త నా వైపు చూడనైనా చూడలేదు. విసవిసా పక్కింటికి పోయి, వాళ్ళ పాత కుండలో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"వెచ్చగుండాయి. అన్నీ లోపలికి మోయండి."

"పొద్దున రాదంటివే!" అన్నాడు మామ.

"పొద్దున మాట వదిలెయ్. మోయండంటా ఉంటే!"

అందరం మోశాం. పెళ్ళికూతురి తండ్రి కూడా సణుగుతూనే తలకు తుండు చుట్టుకుని మోశాడు. ఆఖరి కుండలు గడప దాటుతుండగా అంచెట్టి కొండల వైపు నుంచి గాలి లేచింది. దుమ్ము, ఉరుము, వెంటనే వడగళ్ళు. చూస్తూ ఉండగానే వాము నీళ్ళతో నిండిపోయింది. మామ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు నీళ్ళు తోడి, నేల ఆరబెట్టి, బూడిద పరిచి సాయంత్రం వాము ముట్టించాం. వెచ్చదనం పూర్తిగా పోకముందే కుండలు తీసి, సున్నం పూసి, ఎర్ర జాజుతో గీతలు గీశాం. చెప్పిన రోజుకు ఒక్క కుండ తగ్గలేదు.

మేళం వచ్చింది. ఆ తండ్రి మా అత్తను చూపించి తన వాళ్ళతో గట్టిగా అన్నాడు, "ఈయమ్మ నీళ్ళు తాగి వాన చెప్పింది, మన కుండలు దక్కినాయి. ఈమె మాట తప్పేది లేదు!"

అందరూ ఆమెనే చూశారు. ఊరుకుని ఉంటే పేరు పేరుగానే ఉండేది. అత్త నా చేయి పట్టుకుని ముందుకు లాగింది.

"లేదప్పా. నేను వాన రాదన్నాను, నా మాట తప్పింది. తిట్లు పడతాయని తెలిసీ నిజం చెప్పింది నా కోడలు. కుంకుమ ముందు ఈ పిల్లకు పెట్టండి."

అన్నేళ్ళ పేరును నలుగురిలో అట్లా పక్కన పెట్టేసింది మా అత్త! ఆ ఇంటి కోడలినని ఇప్పటికీ తలెత్తుకుని చెబుతాను. అప్పుడు మాత్రం నుదుట కుంకుమతో, మేళం మోతలో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆడవాళ్ళు నన్నే చూస్తూ నిలబడిపోతే అత్త వాళ్ళ మీద గయ్యిమంది.

"ఏమి చూస్తా ఉండారమ్మా? ముహూర్తం మించిపోతుంది, కుండలు ఎత్తుకోండి!"