దబ్బనంతో కుట్టిన టీచింగ్ డైరీ

ఆ రోజుల్లో ఒక మనిషి మూడు పనులు చేయగలడని నమ్మేవాణ్ణి. చేయగలడు కూడా. కాకపోతే మూడింటినీ ఒకే నోటుబుక్కులో పెట్టకూడదు. ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేటి దాకా రాసిన డైరీలన్నిటికీ అట్టలు వేసి, సంవత్సరాల వారీగా బీరువాలో నిలబెట్టాను (మా ఆవిడ ఆ బీరువాను తన సవతి అంటుంది). ఆ వరుసలో ఒక్కటి మాత్రం నా సొంత డైరీ కాదు, కాలేజీ వారి టీచింగ్ డైరీ. దాని అంచుల నుంచి ఎర్రవి, పచ్చవి నూలు పోగులు ఇప్పటికీ వేలాడుతుంటాయి. దుమ్ము దులిపేటప్పుడు అది చేతికి తగిలితే ఇక ఆ పూట బీరువా సర్దడం పూర్తికాదు.

డెబ్బైల చివర్లో వరంగల్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. తాత్కాలిక ఉద్యోగం. ఏటా వేసవి సెలవుల ముందు "మళ్ళీ పిలుస్తామో లేదో" అన్నట్టు చూసేవారు. పర్మినెంటు అయితే తప్ప ఇల్లు నిలబడదు. జంపఖానాలు నేసి నేసి మా బాపు నడుము పట్టేసి మంచానికి అంటుకుపోయాడు. చెల్లెళ్ళిద్దరూ బడిలో ఉన్నారు. కొత్తవాడలో మా ముందు గది మొత్తం మగ్గమే. తెల్లవారకముందే అమ్మా నేనూ పక్కపక్కన కూర్చొని నేసేవాళ్ళం. పొద్దు పొడవగానే లేచి, స్నానం చేసి, సైకిలెక్కి కాలేజీకి పోయేవాణ్ణి. ఎంత దులిపినా నూలు దుమ్ము జుట్టులోంచి పూర్తిగా పోయేది కాదు. విద్యార్థులు నాకు 'పత్తి సార్' అని పేరు పెట్టారు (పరీక్ష పేపర్లో మార్కులు తగ్గినవాళ్ళు ఇంకేవో పేర్లు పెట్టారని విన్నాను).

వీటన్నిటి మధ్య నాకు కథల పిచ్చి. ఇంట్లో రాద్దామంటే మగ్గం దెబ్బకు అక్షరాలు ఎగిరిపడేవి. స్టాఫ్ రూములో విడి కాగితం తీస్తే నలుగురూ తొంగి చూసేవారు. టీచింగ్ డైరీలో రాసేవాడి వైపు మాత్రం ఎవరూ కన్నెత్తి చూడరు. పైగా పనిమంతుడని పేరు! అందుకని ముందు వైపు నుంచి పాఠాలు, డైరీని తిరగేసి వెనక వైపు నుంచి కథ రాయడం మొదలుపెట్టాను. మగ్గం అమ్మనని మొండికేసిన ఈరమ్మ అనే నేతగత్తె కథ అది. రెండూ మధ్య పేజీలో ఎప్పుడు కలుస్తాయో కూడా ముందే లెక్క వేశాను. ఆ లెక్క తప్పింది. పాఠాలు నడిచాయి, ఈరమ్మ పరుగెత్తింది.

ప్రతి శనివారం డైరీలన్నీ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి చేరాలి. ఆయన్ని అందరూ 'ఎర్రసిరా సార్' అనేవాళ్ళు. గంట కొట్టే అటెండర్ తాత కట్టను మోసుకెళ్ళేవాడు. నేను డైరీకి రెండు వైపులా ఒకే రకం ఖాకీ అట్ట వేసి, పేరు పుస్తకం వీపు మీద రాసుకున్నాను కాబట్టి (పద్ధతి అంటే పద్ధతే) ఏది ముందో ఏది వెనకో తాతకు తెలియదు. ఒక సోమవారం డైరీ తిరిగొచ్చింది. తెరిచాను. ఈరమ్మ కథ కింద ఎర్రసిరాతో 'చూశాను' అని రాసి, సంతకం!

వారం రోజులు పిలుపు కోసం గుమ్మం వైపే చూస్తూ గడిపాను. పిలుపు రాలేదు. మరుసటి శనివారం మళ్ళీ సంతకం. ఆయన చదవడం లేదని అప్పటికి అర్థమైంది. అయినా పిచ్చి మనసు ఒప్పుకుంటుందా? నాకు దొరికిన మొదటి పాఠకుడాయె! ఒకసారి 'ఇంకా వేగం పెంచండి' అని కూడా రాశాడు. అందరి డైరీల్లోనూ అదే రాస్తాడని తెలిసి కూడా, నేను ఆ రాత్రే ఈరమ్మ ఇంటి వర్ణన రెండు పేజీలు కొట్టేశాను. నిజం చెప్పాలంటే కథ బాగుపడింది.

అంతా సాఫీగా సాగుతుండగా ఒక శనివారం ఎర్రసిరా సార్ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "సోమవారం యూనివర్సిటీ కమిటీ వస్తున్నది. డైరీలన్నీ చూస్తరు, ఈసారి నాకియ్యకుండ ఇంటికి తీస్కపోయి పూర్తి చేసి తెండి. టెంపరరీ వాళ్ళను పర్మినెంట్ చేసుడు వాళ్ళ చేతులనే ఉన్నది," అన్నాడు. పేజీలు చించేద్దామంటే అన్నిటికీ నంబర్లు, కాలేజీ ముద్రలు. ఒక్కటి తగ్గినా దొంగతనం కిందే లెక్క.

ఆదివారం మధ్యాహ్నం మగ్గం పక్కన తల పట్టుకొని కూర్చుంటే అమ్మ అడిగింది.

"ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్?"

చెప్పాను. అమ్మకు చదువు రాదు. డైరీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చింపద్దు, చూపియ్యద్దు. గంతే గదా? కుట్టేస్త. జర ఆ దబ్బనం ఇటియ్యి."

"కుడితే అడగరా అమ్మా?"

"తెల్లకాయితాలు, పాడైతయని కుట్టిన్నని చెప్పు. ఫికర్ చెయ్యకు."

మంచంలోంచి బాపు నవ్వాడు. "సదువుకున్నోడు కథ రాసె, సదువురానామె దాన్ని మూసె! మంచిగున్నది మీ కొలువు."

నేను స్నానం చేసి వచ్చేసరికి కుట్టడం అయిపోయింది. మగ్గం మీదున్న ఎర్ర నూలు, పచ్చ నూలు తీసుకొని మూడు అంచులకూ జంపఖానా బార్డర్ వేసింది. నాలుగు మూలలా పూలు కూడా.

"అమ్మా, ఇది దాచుడా, చూపుడా?"

"ఉత్తగ కుడితె ఏం బాగుంటది బిడ్డా? మన చేతిపని అంటరు గదా!"

సోమవారం కమిటీలో వచ్చిన పెద్ద మేడమ్ బల్ల మీది డైరీలన్నిటినీ దాటుకొని నేరుగా నాదే తీసింది. తీయదా మరి! పెళ్ళిపందిట్లో పెట్టినట్టుంది.

"ఇదేమిటి? ఈ కుట్టు ఎవరిది?"

"మా అమ్మది మేడమ్. అవి... తెల్లకాగితాలు..."

"తెల్లకాగితాలకు ఇంత అలంకారమా?" అని బ్లేడు తెప్పించింది. అమ్మ ముడులు ఒక పట్టాన తెగవు. ఒక్కో పోగు తెగినప్పుడల్లా నా ఉద్యోగం తెగినట్టే ఉంది. మేడమ్ ఒక పేజీ చదివింది. తిప్పింది. మరొకటి చదివింది. అప్పుడు ఆమె వేలు ఎర్రసిరా మీద ఆగింది.

"ప్రిన్సిపాల్ గారూ, ఇది మీ సంతకమేనా? చదివే పెట్టారా?"

చదవలేదంటే ఆయన పరువు పోతుంది. చదివానంటే ఈరమ్మ ఆయన నెత్తిన పడుతుంది.

"చదివిన మేడమ్," అన్నాడు గొంతు సవరించుకొని. "పిలగాడు... మంచిగనే రాస్తాండు."

"అవును. మీరు వేగం పెంచమన్న తర్వాత మరీ బాగుంది," అంది మేడమ్, నవ్వకుండా. తర్వాత నన్ను క్లాసుకు తీసుకెళ్ళి పిల్లల్ని ముప్పై నిమిషాలు ప్రశ్నలడిగింది. పత్తి సార్ పరువును వాళ్ళు నిలబెట్టారు. పోతూ పోతూ, "రెండు వేర్వేరు పుస్తకాలు కొనుక్కోండి," అంది.

నెల తిరగకుండానే పర్మినెంటు కాగితం వచ్చింది. ఎర్రసిరా సార్ ఆ డైరీని నా ముందు పడేసి, "ఇది ఇంటికి తీస్కపో. ఇగ నుంచి ప్రతి డైరీల ప్రతి అక్షరం చదువుత," అన్నాడు. చదివాడు కూడా. స్టాఫ్ రూములో సగం మంది ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

ఇంటికి వెళ్ళి కాగితం చూపిస్తే బాపు కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ మాత్రం మగ్గం దిగకుండానే అడిగింది.

"కుట్టు మంచిగున్నదన్నరా?"

"అందరికంటే ముందు దాన్నే చూసిన్రమ్మా."

"నేన్ జెప్పలే!" అని పోగుల మధ్యకు నాడె విసిరింది.

ఇప్పుడు నాకు పింఛను ఉంది, బల్ల ఉంది, పగలంతా ఖాళీ ఉంది. ఇంటి ఖర్చులకొకటి, కథలకొకటి, మందులకొకటి విడివిడిగా పుస్తకాలున్నాయి. మేడమ్ చెప్పినట్టే చేశాను. కథల పుస్తకం మాత్రం నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి చాలాకాలమైంది. నిన్న ఆ పాత డైరీ తీసి, ఎర్రసిరా ఉన్న పేజీ తెరిచి దాని పక్కన పెట్టుకున్నాను. వెలిసిపోయిన అక్షరాలు ఇంకా అదే మాట అంటున్నాయి: ఇంకా వేగం పెంచండి. "సరే సార్," అన్నాను పైకే. వంటింట్లోంచి మా ఆవిడ, "ఎవరితోని మాట్లాడుతాన్నవ్?" అని అరిచింది.