సుభాని మేస్త్రీ ఎక్కని సీటు

మా సుభాని మేస్త్రీ బ్రేకు కడితే ఆగేది లారీ ఒక్కటే కాదు. ఒకసారి ఆయన వారధి మీద పెడలు తొక్కితే కింద కృష్ణ కూడా ఆగిపోయింది. ఆయన మళ్ళీ గేరు వేసేదాకా నీళ్ళు ఒక్క అంగుళం కదల్లేదు. ఒడ్డున బట్టలు ఉతుక్కునేవాళ్ళు తలలెత్తి, ఎవరా అని చూశారు. నమ్మకపోతే ఆటోనగర్‌కి వచ్చి నన్ను అడగండి. ఇంటర్ ఫిజిక్సు పరీక్షలో సగంలో లేచి బయటికి వచ్చినవాణ్ణి, ఇలాంటి సంగతులు నాకు కాక ఇంకెవరికి తెలుస్తాయి?

ఆటోనగర్‌లో ఒక పద్ధతి ఉంది. బ్రేకులు కట్టినవాడే ముందుగా డ్రైవరు సీటెక్కి ట్రయల్ కొట్టాలి. తేడా వస్తే మొదట వాడి ప్రాణం మీదికే రావాలన్నమాట. సుభాని తన షెడ్డులో తయారైన ఏ బండికీ రెండో మనిషిని ట్రయల్‌కి ఎక్కనిచ్చి ఎరగడు. ఎదురు షెడ్డు ఏసుపాదం మంచి పనిమంతుడే. అయినా అతను వచ్చి బండి తలుపు మీద చెయ్యి వేస్తే, "ఏం తమ్ముడూ, మీ షెడ్డులో తలుపులు లేవా?" అని అడిగేవాడు.

పోయిన వానాకాలంలో జాకీ జారి బ్రేకు డ్రమ్ము ఆయన తొడ మీద పడింది. డ్రమ్మే పగిలిందని నేను ఊరంతా చెప్పాను గాని, విరిగింది ఎముక. రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది, నరం పోటు మాత్రం మిగిలింది. దుప్పటి అంచు తగిలినా మనిషి పళ్ళు బిగించేవాడు. అప్పుడు డాక్టరు గారు, మందుల షాపులో చీటీ చూపిస్తే తప్ప ఇవ్వని గట్టి మాత్రలు రాశారు. చెప్పిన వేళకి చెప్పినంతే వేసుకోవాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు, సొంతంగా ఆపకూడదు అన్నారు. షెడ్డులో కూర్చుని పని చెప్పుకోవచ్చు గాని, తాను చెప్పేదాకా బండి మాత్రం నడపొద్దన్నారు. సుభాని ఆఖరి మాట ఒక్కటే విన్నాడు, మొహం మాడ్చుకున్నాడు. ఆయన భార్య జైతూన్ బీ అన్నీ విన్నది. మాత్రల్ని బీరువాలో పెట్టి, తాళం చెవి మెళ్ళో గొలుసుకి తగిలించుకుంది. రిజర్వు బ్యాంకు వాళ్ళు వచ్చి ఆ పద్ధతి రాసుకుని వెళ్ళారని నా దగ్గర సమాచారం.

చిక్కు అఫ్జల్‌తో వచ్చింది. సుభానికి చిన్నప్పటి దోస్తు, హనుమాన్ జంక్షన్ వైపు ఇసుక లారీ తోలతాడు. సీట్లో కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. ఒక రోజు షెడ్డుకొచ్చి, నీ మాత్రలు రెండు పడెయ్ భాయ్ అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఆటోనగర్‌లో అడిగితే లేదనడం మాకు రాదు. జాకీ, స్పానరు, టీలో సగం, ఏదైనా చేతులు మారాల్సిందే. సుభాని అయితే అడగకముందే ఇచ్చే రకం. అలాంటివాడు ఇవ్వనన్నాడు.

అఫ్జల్ మొహం ఎర్రబడింది. "మా అమ్మ ఆపరేషన్‌కి రక్తం ఇచ్చావు. రెండు మాత్రలు ఇవ్వలేవా?"

"నీ లారీకి పక్క బండి బ్రేకు లైనర్లు వేస్తానా? ఏ బండి కొలత ఆ బండిది. రేపు నాతో రా, డాక్టరు గారికి చూపిస్తా."

అఫ్జల్ వెళ్ళిపోయాడు. ఊరికే వెళ్ళలేదు. సుభానికి మత్తు మాత్రలు అలవాటైపోయాయి, అందుకే ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంటున్నాడు అని టీ కొట్టు దగ్గర ఒక మాట వదిలి వెళ్ళాడు. నేను చెప్పే అబద్ధాలకి కాళ్ళు చాలవు గాని, ఈ మాట మాత్రం మైలవరం దాకా పరిగెత్తింది.

సుభాని కుమిలిపోయాడు. ఆ సాయంత్రమే మాత్రలు మానేస్తానన్నాడట. జైతూన్ బీ, స్పీడు మీదున్న బండికి ఒక్కసారిగా బ్రేకు తొక్కితే ఏమవుతుందో నువ్వే చెప్పు అని, మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా కదల్లేదట.

రెండు రోజులకి మైలవరం చౌడయ్య దిగాడు. మొక్కజొన్న లోడ్లు తోలే లారీల ఓనరు, సుభాని పాత ఖాతాదారు. ఆయన బండికి బ్రేకులు అప్పుడే పూర్తయ్యాయి. సుభాని స్టూలు మీద కూర్చుని పనివాళ్ళ చేత కట్టించాడు. చౌడయ్య తాళాలు ఆయన ఒళ్ళో పడేశాడు.

"నీ మీద ఏదేదో వింటున్నా సుభానీ. అబద్ధమైతే సీటెక్కు. ఎక్కలేదో, నిజమే అనుకుంటా. బండి ఇంకో షెడ్డుకి తోలిస్తా."

చుట్టుపక్కల షెడ్లలో సుత్తి మోతలు ఆగిపోయాయి. ఎక్కితే పోయిన పేరు అక్కడికక్కడే వచ్చేస్తుంది. ఎక్కడం ఆయనకి కష్టం కూడా కాదు, కాలు అప్పటికే మాట వింటోంది. సుభాని తాళాలు చేతిలోకి తీసుకుని చౌడయ్య వైపు తిరిగాడు.

"పొద్దున మాత్ర వేసుకున్నానండి. కాలు బాగానే ఉంది, తల అర క్షణం లేటుగా ఉంది. అర క్షణం లేటుగా పడే బ్రేకు కట్టిస్తే మీరు ఒప్పుకుంటారా?"

సుభాని ఎదురు షెడ్డు వైపు తిరిగి ఏసుపాదాన్ని పిలిచాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మా షెడ్డులో తలుపులు లేవండి మేస్త్రీ. మీ బండి తలుపు పట్టుకోవచ్చా?"

"ఎక్కవయ్యా. ఇంకో మాటన్నావంటే టైరు కింద పడుకోబెట్టి ట్రయల్ చూస్తా."

అలా జీవితంలో మొదటిసారి సుభాని క్లీనరు సీట్లో కూర్చున్నాడు. చౌడయ్య మధ్యలో ఇరుక్కున్నాడు. సర్వీసు రోడ్డు మీద ఏసుపాదం బ్రేకు తొక్కినప్పుడల్లా సుభాని కళ్ళు మూసుకుని విన్నాడు. వెనక ఎడమ చక్రం కొంచెం ఆలస్యంగా పట్టుకుంటోందని చెప్పి, వెనక్కి తిప్పించి, సరిచేయించి, మళ్ళీ పంపాడు. రెండోసారి బండి గీత గీసినట్టు ఆగింది. చౌడయ్య మొహం మీద మెచ్చుకునే రకం కాదు. మరుసటి వారం తన రెండో లారీ కూడా పంపించాడు. తన ఒంట్లో తేడా ఉంటే తానే చెప్పుకునే మేస్త్రీ, బండిలో తేడా దాస్తాడా అని మైలవరంలో అన్నాడట. ఆ మాట విన్న రోజు ఆటోనగర్‌లో మా అందరి ఛాతీలు ఎంత పొంగాయంటే, సందుల్లో మనుషులు ఎదురుపడితే తప్పుకోవడానికి చోటు లేకపోయింది.

అఫ్జల్ తలదించుకుని వచ్చాడు. సుభాని ఒక్క మాట అనకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అఫ్జల్ అప్పటికే ఇంకోచోట రాయించుకున్న నిద్ర మాత్రలు వాడుతున్నాడని అక్కడ బయటపడింది. వాటితో సుభాని మాత్రలు కూడా కలిపి వేసుకుంటే మత్తులోనే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చని డాక్టరు చెప్పారు. టీ కొట్టు దగ్గర తాను అన్న మాటని, అఫ్జల్ తానే షెడ్డు షెడ్డుకీ తిరిగి వెనక్కి తీసుకున్నాడు.

ఈ వేసవిలో సుభాని మళ్ళీ సీటెక్కాడు. ఆ కథ నేను ఎలా చెబుతానంటే, ఆయన మిగిలిన మాత్రలన్నీ పిడికిట పట్టి బందరు కాలవలోకి విసిరేశాడు, ఒక్క గంతులో క్యాబిన్ ఎక్కాడు, ట్రయల్ అంటూ బందరు దాకా వెళ్ళి, సముద్రం అడ్డొస్తే అప్పుడు బ్రేకు తొక్కాడు. మొన్న టీ కొట్టు దగ్గర పదిమందికి ఇదే చెబుతున్నాను. సుభాని గ్లాసు కింద పెట్టాడు.

"విసిరేయలేదు. డాక్టరు గారు నెలనెలా కొంచెం కొంచెం తగ్గించి ఆపించారు. మిగిలినవి ఆసుపత్రిలో ఇచ్చేశాం. నడపొచ్చని ఆయన చెప్పాకే ఎక్కాను. సర్వీసు రోడ్డు చివరిదాకా వెళ్ళి వచ్చేశాను."