చిన్న డాక్టరు

ఉమాశంకర్ గారిది తణుకు వైపు. తండ్రికి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఇటొచ్చిన కుటుంబం. గాజువాకలోని మా ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుగా వార్డు చూసుకోవడం ఆయన పని. రోగి చేరినప్పటి నుంచి ఇంటికెళ్లేదాకా ఆయనే దిక్కు. గుండె డాక్టరు పొద్దున వచ్చి ఐదు నిమిషాలుండి పోతారు. అయినా జనానికి ఆయన పెద్ద డాక్టరు, ఈయన చిన్న డాక్టరు. నలభై రెండేళ్లొచ్చి, ముందు జుట్టంతా ఊడిపోయినా చిన్న డాక్టరే. ఆ వార్డులో నర్సుగా చేసే నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఉమాశంకర్ గారికి మండే ఓపిక కూడా ఉండేది కాదు.

రెండువేల నాలుగు వానాకాలంలో యారాడ నుంచి జగ్గయ్యను తెచ్చారు. సముద్రం మీద చేపల వేటకెళ్లి బతికిన మనిషి. గుండె బలహీనపడి కాళ్లు పొంగాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు. ఒంట్లో చేరిన నీరు దిగకపోతే బతకడని ఉమాశంకర్ గారు జగ్గయ్య భార్య అప్పాయమ్మకు చెప్పేశారు. ఉప్పు ముట్టొద్దన్నారు. నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేసినా బరువు తగ్గలేదు సరికదా, కిలో పెరిగింది. పెద్ద డాక్టరు మందు పెంచమని రాసి వెళ్లిపోయారు. ఉప్పు పెడుతున్నావా అని నేనడిగితే అప్పాయమ్మ గంగమ్మతల్లి మీద ఒట్టేసి లేదనేది. అబద్ధాలాడకని కసిరాను కూడా.

ఐదో రోజు మధ్యాహ్నం ఉమాశంకర్ గారు తన కారేజీ విప్పకుండా జగ్గయ్య మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్నారు. ఊరికే, ఏం తింటున్నాడో చూడటానికి. అప్పాయమ్మ ఉప్పు లేని గంజన్నం కలిపింది. కాగితం పొట్లం విప్పి, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేపలు రెండు పెట్టింది.

ఉప్పు వద్దన్నాను కదండి అన్నారాయన.

"ఉప్పేది బాబూ? ఇది సేప కదా."

ఆ చేపను ఉప్పులో ఊరబెట్టి ఎండేసింది ఆమే. కానీ ఆమె లెక్కలో ఉప్పంటే డబ్బాలోదే. ఈ ఒడ్డునే పుట్టిన నాకూ తట్టలేదు. కసిరినందుకు సిగ్గేసింది. ఉమాశంకర్ గారు చిన్న ముక్క తుంచి, నాలిక మీద పెట్టుకుని చూడమన్నారు. అప్పాయమ్మ పెట్టుకుంది. మొహం పాలిపోయింది.

"నా సేతుల్తోనే సంపుకుంతన్నానా బాబూ?"

"తెలీక పెట్టారండి. ఇంక పెట్టకండి," అన్నారాయన మెల్లగా.

పన్నెండో రోజుకి ఆరు కిలోలు తగ్గి జగ్గయ్య తన కాళ్ల మీదే నడిచి బయల్దేరాడు. అప్పాయమ్మ పెద్ద డాక్టరు కాళ్లకు దండం పెట్టింది. తర్వాత వార్డులోకొచ్చి, కేసు షీటు రాస్తున్న ఉమాశంకర్ గారి ముందు నిలబడి, నువ్వు పెద్ద డాక్టరెప్పుడవుతావని అడిగింది. నాకు మళ్లీ మండింది.

"అవనమ్మా. నేనిక్కడే ఉంటాను," అన్నారాయన తలెత్తకుండా.

"అమ్మయ్య. మల్లీ ఈడికి ఆయాసమొత్తే నువ్వుంతావు కదా."

ఆయన పెన్ను ఆగింది. ఉంటానన్నట్టు తలూపారు. ఆ మధ్యాహ్నం కూడా కారేజీ విప్పకుండా ఇంకో రోగి మంచం పక్కన స్టూలేసుకున్నారు.